పక్కలు వేసే వేళ

దీపాలు పెట్టాక, వంటింట్లో ఆడవాళ్ళ బంతి లేచేలోపు మా ఇంట్లో రోజూ ఒక పని జరిగేది. పక్కలు వెయ్యడం. మూలన చుట్టి నిలబెట్టిన చాపలు నేలమీదికి దిగేవి. పగలంతా గోడకు చేరవేసిన మంచాలు వాకిట్లోకి వచ్చేవి. భోషాణం మీద మడతలు పేర్చిన బొంతలు, దుప్పట్లు, దిండ్లు ఎవరివి వాళ్ళకు చేరేవి. పడకగది అంటూ విడిగా ఉన్న ఇళ్ళు ఊళ్ళో కొన్నే. పగలు ధాన్యం కొలిచిన చావడే రాత్రికి పదిమంది పడుకునే చోటు. తెల్లారి పక్కలు ఎత్తేస్తే మళ్ళీ అది చావడే.

మాది కృష్ణా డెల్టాలో కాలవ కింద ఊరు. నా చిన్నతనం 1960ల నాటిది. ఇవాళ పరుపు దుకాణంలో దొరుకుతుంది. కొంటాం, కొన్నేళ్ళు వాడతాం, కుంగిపోతే పారేస్తాం. అప్పట్లో పక్క అనేది ఏడాది పొడుగునా సాగే పని. కాలవ గట్టున తుంగ, పొలం గట్టున బూరుగు, గొర్రె ఒంటిమీద ఉన్ని, అమ్మ కట్టి విడిచిన చీర, ఇవన్నీ రాత్రికి మనం నడుం వాల్చే చోటుగా మారడానికి ఎన్నో చేతులు పడేవి. ఆ వస్తువులు ఒక్కొక్కటే ఇళ్ళలోంచి వెళ్ళిపోయాయి. వాటివెంట ఆ చేతుల్లోని పనితనం కూడా వెళ్ళిపోతోంది. వస్తువు పోయినందుకంటే పనితనం పోతున్నందుకే నాకు బెంగ. గుర్తున్నంత మేరకు ఆ రెండింటినీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

అన్నిటికీ మొదలు చాప. ఇంటికి ఎవరొచ్చినా పెద్దవాళ్ళ నోట వచ్చే మొదటి మాట "చాప వెయ్యండ్రా" అనే. మాకు ఎక్కువ తెలిసింది తుంగచాప. నీళ్ళు నిలిచే పల్లాల్లో, చెరువు అంచుల్లో తుంగ తనంతట తానే పెరిగేది. పచ్చిగా ఉండగానే కోసి, కాడను నిలువునా చీల్చి, ఎండలో ఆరబోసేవాళ్ళు. ఆరినకొద్దీ చీలిక లోపలికి ముడుచుకుని సన్నని పుల్లలా తయారయ్యేది. నేలమీద మేకులకు లాగి కట్టిన నారపోగులు పడుగు, తుంగ పేక. అల్లేటప్పుడు ఇద్దరు కూర్చునేవాళ్ళు. ఒకరు పుల్ల దూర్చి ఇస్తే ఇంకొకరు బద్దతో దగ్గరికి కొట్టేవాళ్ళు. రంగు పట్టించిన తుంగ మధ్యమధ్య కలిపి ఎర్రటి చారలు, ఆకుపచ్చటి చారలు తీసేవాళ్ళు. కొత్త చాపకు కొన్నాళ్ళపాటు ఎండుగడ్డి వాసన ఉండేది. వేసవి మధ్యాహ్నం నాపరాళ్ళ మీద తుంగచాప పరిచి, కిటికీకి తడిగుడ్డ కట్టుకుని పడుకుంటే వంటికి అంత హాయి మరొకటి ఉండేది కాదు.

ఈతచాప మోటుది. ఈతాకు చీలికలతో అల్లేవాళ్ళు. వడ్లు ఆరబోయడానికీ, మిరపకాయలు ఎండబెట్టడానికీ, వడియాలు పెట్టడానికీ అదే. పనులన్నీ అయ్యాక దులిపి దానిమీదే పడుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. తాటాకు చాప ఇంకా గరుకు. గుడిసెల్లో చెమ్మనేల మీద, ఎడ్లబండిలో గడ్డిమీద పరిచేది అదే. ఊళ్ళో హరికథ ఉన్నా, తోలుబొమ్మలాట ఉన్నా ఎవరి చాప వాళ్ళు చంకన పెట్టుకుని బయలుదేరేవాళ్ళు. కథ సగంలో నిద్రపోయిన పిల్లల్ని చాపతో సహా పక్కకు జరిపి పెద్దవాళ్ళు కథ వినేవాళ్ళు.

చాప తరవాత మంచం. మంచానికి నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు. పట్టెల మధ్య దేనితో అల్లితే ఆ పేరు. జనుపనారో, గోగునారో, కొబ్బరిపీచో పురిపెట్టి పేనిన సన్నతాడు నులక. దానితో అల్లింది నులక మంచం. వెడల్పాటి నూలుపట్టీ నవారు. దానితో అల్లింది నవారు మంచం. చెక్కపలకలు పరిచినది పట్టెమంచం. నాలుగు మూలలా కర్రలు లేపి పైన పందిరి కట్టినది పందిరి మంచం. అది కలిగినవాళ్ళ ఇళ్ళలోనే ఉండేది. దోమతెర కట్టుకోవడానికి దానంత వీలైనది లేదు. గుడ్డపట్టాతో, ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోయే మడతమంచం తరవాత వచ్చింది.

నులక అల్లడం అందరికీ వచ్చే పని కాదు. ఒక మూలనుంచి మొదలుపెట్టి, ఒక వరస పైకి, ఒక వరస కిందికి పోనిస్తూ గళ్ళు తీస్తూ అల్లుకొచ్చేవాళ్ళు. కాళ్ళవైపు జానెడో, మూరెడో జాగా ఖాళీగా వదిలి, అక్కడ లావుపాటి తాడుతో అల్లికను పట్టెకు లాగి కట్టేవాళ్ళు. కిటుకంతా ఆ తాడులోనే ఉంది. నాలుగురోజులు వాడగానే మంచం సాగుతుంది. అప్పుడు అల్లిక విప్పనక్కర్లేదు, ఆ తాడు బిగిస్తే చాలు. బిగించకుండా వదిలేస్తే నడిమధ్య కుంగి కుక్కిమంచం అవుతుంది. మంచం అల్లడానికి వచ్చిన ముసలాయన్ని మా నాయనమ్మ ప్రతిసారీ ఒకే మాటతో కూర్చోబెట్టేది. "బిగించి అల్లు నాయనా, కుక్కిమంచం మీద పడుకుంటే నడుం పడిపోద్ది." ఆయన అల్లడం పూర్తయ్యాక మంచం మీద అరచేత్తో చరిచేవాడు. మోగిన తీరును బట్టి బిగువు సరిపోయిందో లేదో చెప్పేవాడు.

నులక మంచానికి ఉన్న గుణం, గాలి కిందనుంచి కూడా ఆడడం. వేసవిలో అది మేలు. బాలింతకు మరీ మేలు. బాలింత మంచం కింద కుంపటి పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి వేసేవాళ్ళు. వెచ్చదనం అల్లిక సందుల్లోంచి నడుముకు తగిలేది. పుట్టిన బిడ్డకు పొత్తిగుడ్డలు, అంటే ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచెల ముక్కలు. కొత్తగుడ్డ పసిబిడ్డ ఒంటికి ఒరుసుకుంటుందని పెట్టేవాళ్ళు కాదు. తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టిన చిన్న దిండు పెట్టేవాళ్ళు. బిడ్డ తల ఎటు తిప్పితే ఆవాలు అటు జరిగి చోటిచ్చేవి.

నవారు మంచానికి ఇంకో సుఖం ఉంది. మాసినప్పుడు పట్టీ మొత్తం విప్పి, ఉతికి, ఆరేసి, మళ్ళీ అల్లుకోవచ్చు. సంక్రాంతికి ఇల్లు దులిపే రోజుల్లో నవారు చుట్టలు దండెం మీద బారుగా వేలాడేవి. మళ్ళీ అల్లేటప్పుడు పిల్లలం పట్టెకు కాలు తన్నిపెట్టి లాగేవాళ్ళం. పెద్దవాళ్ళు చాపనేత వరసలో ఒకటి పైకి, ఒకటి కిందికి దూర్చేవాళ్ళు.

వేసవి రాత్రుళ్ళు ఊరు ఊరంతా ఆరుబయటే పడుకునేది. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి, వేడి ఆవిరి పోయాక మంచాలు వాల్చేవాళ్ళు. ఇంటి పక్కన ఇంకో ఇల్లు, దాని పక్కన ఇంకోటి. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా మంచాల వరస. ఈ మంచం మీద మొదలైన కబురు ఆ మంచం మీదికి పోయేది. మా అమ్మమ్మ ఊరికి వెళ్ళినప్పుడు ఆమె ఉత్తరం వైపు ఆకాశంలో ఏడు చుక్కల్ని చూపించేది. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్ళట. వెనక వంకరగా ఉన్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలట. పుస్తకాల్లో దానికి సప్తర్షి మండలం అని పేరుందని బడికి వెళ్ళాక తెలిసింది. తెలిశాక కూడా నాకు అక్కడ మంచమే కనిపిస్తుంది.

చలికాలం వచ్చేసరికి పరుపు గుర్తుకొచ్చేది. పరుపుల్లో రెండు రకాలు. పత్తిదూదివి, బూరుగుదూదివి. పత్తిదూది బరువు. కొన్నాళ్ళకు ఉండలు కట్టి గట్టిపడుతుంది. బూరుగుదూది తేలిక, మెత్తన. మా పొలం గట్టున ఒక బూరుగు చెట్టుండేది. మానంతా మొనదేలిన ముళ్ళు. మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలిపోయి, కొమ్మల నిండా ఎర్రటి దళసరి పూలు విచ్చుకునేవి. కాకులు, గోరింకలు, ఉడతలు పొద్దస్తమానం ఆ పూలమీదే. ఎండలు ముదిరేసరికి కాయలు పండి, పగిలి, దూది గాలికి లేచేది. పగలకముందే దోటీతో కాయలు కోసి, ఇంటికి తెచ్చి, గదిలో తలుపులు వేసుకుని గింజలు వేరు చేసేవాళ్ళం. తలుపు తెరిచామంటే పీచంతా వీధిపాలే.

ఈ దూదితో నూలు వడకడం కుదరదు. పోగు పొట్టిగా, నున్నగా ఉంటుంది. ఒకదాన్ని ఒకటి పట్టుకోదు. వడకడానికి అడ్డమైన ఆ గుణమే పరుపులో మేలు చేస్తుంది. ప్రతి పోగూ లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నని మైనపు పొర ఉంటుంది. అందుకే తేలిక, అందుకే చెమ్మ త్వరగా పట్టదు. దాని దాయాది అయిన తెల్లబూరుగు దూదిని రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఓడల మీద వాడే ప్రాణరక్షణ చొక్కాల్లో కూరేవారు. నీళ్ళలో మనిషిని తేల్చగలిగిన జాతి దూదిమీద మేం ఆ రోజుల్లో ఏమీ తెలియకుండానే నిద్రపోయాం.

దూది ఇంట్లో ఉంటే సరిపోదు, ఏకాలి. ఆ పనికి దూదేకులవాళ్ళు వచ్చేవాళ్ళు. వాళ్ళనే నూర్‌బాషాలని కూడా అంటారు. ఇస్లాం మతస్థులైనా చాలా ఇళ్ళలో మాట తెలుగే. ఊళ్ళో పెళ్ళిళ్ళకు, గుడి ఉత్సవాలకు నాదస్వరం వాయించే విద్వాంసులు కూడా ఈ కులంలో ఎందరో ఉన్నారు. మా ఊరికి వచ్చే ఆయన భుజాన మనిషెత్తు విల్లు ఉండేది. దానికి నరంతో పేనిన తంతి. చేతిలో నున్నటి కొయ్య మొద్దు. గాలి తగలని చావిట్లో దూది కుప్పపోసి, తంతిని దూదిలో ఆనించి, మొద్దుతో కొట్టేవాడు. తంతి కంపించిన ప్రతిసారీ చిక్కుపడ్డ దూది విడిపోయి, పొరలు పొరలుగా ఎగిరి పక్కన పడేది. ఆ చప్పుడు నాలుగు వీధుల అవతలికి వినిపించేది. విన్నవాళ్ళు "మా ఇంటిక్కూడా రా సాయిబూ" అని కబురు పంపేవాళ్ళు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆయన కనుబొమలు, గడ్డం సాయంత్రానికి తెల్లగా నెరిసిపోయి కనిపించేవి. ఆ దుమ్ము ఏళ్ళ తరబడి పీల్చిన మనిషికి దగ్గు వదిలేది కాదు. మా మెత్తదనానికి ఆయన ఊపిరి ఖర్చయిందని పెద్దయ్యాక అర్థమైంది.

ఏకడం అయ్యాక కుట్టడం. చారలచారల దళసరి గుడ్డ సంచిలో దూది నింపి, బెత్తంతో కొట్టి మూలమూలకూ సమంగా సర్దేవాడు. దబ్బనంతో పైనుంచి కిందికి, కిందినుంచి పైకి లావుదారం పోనిచ్చి అక్కడక్కడ ముడులు వేసేవాడు. ముడి పడితేనే దూది ఒకవైపుకు జారిపోదు. చివరికి అంచు చుట్టూ వేలెడు మందాన గట్టు కుట్టేవాడు. అలా కుట్టిన పరుపు ఏటా ఎండకు వేస్తూ ఉంటే ఏళ్ళ తరబడి ఉండేది. దూది ఉండలు కట్టినప్పుడు మళ్ళీ విప్పి, మళ్ళీ ఏకి, కొంచెం కొత్త దూది చేర్చి, కొత్త గుడ్డలో కుట్టేవాళ్ళు. మా తాతగారి పెళ్ళిలో వచ్చిన పరుపు దూదిలో కొంత మా పెద్దన్నయ్య పెళ్ళి పరుపులో చేరింది. ఆడపిల్లను కాపురానికి పంపేటప్పుడు సారెతోపాటు మంచం, పరుపు, దిండ్లు పంపడం ఆనవాయితీ. మనిషి పోయినప్పుడు కర్మల్లో శయ్యాదానం పేరుతో మంచం, పరుపు, దుప్పటి ఇచ్చేదీ మనమే. బతుకులోని ఈ రెండు ఘట్టాలకూ దూదేకుల సాయిబు చెయ్యి పడాల్సిందే.

దిండు అన్నా, తలగడ అన్నా మా వైపు ఒకటే. పొడుగ్గా గుండ్రంగా ఉంటే బాలీసు. అది ఎక్కువగా మగవాళ్ళు ఆనుకుని కూర్చునే చోట ఉండేది. దిండుకు తొడిగే తొడుగు గలీబు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలు తెల్లటి గలీబుల మీద రంగుదారాలతో పూలతీగలు, రెండు చిలకలు కుట్టి, మధ్యలో 'గుడ్ నైట్' అనో 'స్వీట్ డ్రీమ్స్' అనో అక్షరాలు పోసేవాళ్ళు. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా ఆ అక్షరాల రూపు చూసి తప్పులేకుండా కుట్టేవాళ్ళు. నరసాపురం, పాలకొల్లు వైపు ఆడవాళ్ళు క్రోషాసూదితో అల్లే లేసు మా ఇళ్ళదాకా వచ్చేది. మంచి గలీబు అంచుకు ఆ లేసు కుట్టి, చుట్టాలు వచ్చినప్పుడు మాత్రమే పెట్టెలోంచి తీసేవాళ్ళు.

వీటన్నిటిలోనూ నాకు ఎక్కువ ప్రీతి బొంత మీద. బొంతకు కొత్తగా కొనేదంటూ ఏమీ లేదు, దారం తప్ప. మా అమ్మ నేతచీర ముందు పెళ్ళిళ్ళకు, తరవాత పండగలకు, ఆ తరవాత ఇంట్లోకి. వెలిసిపోయి, చివికి, ఒకచోట చిరిగాక మడతపెట్టి పక్కన పెట్టేది. నాన్న పంచెలు, నాయనమ్మ తెల్లచీరలు దానికి తోడయ్యేవి. మాసూళ్ళయి, ఇంటికి ధాన్యం చేరి, పని కొంచెం తెరిపినిచ్చాక ఒక మధ్యాహ్నం చావిట్లో పాత చీర నేలమీద పరిచేవాళ్ళు. దానిమీద చిరుగులన్నీ పొరలుగా సర్ది, పైన ఇంకో మంచి చీర కప్పి, నాలుగు అంచుల్లో రాళ్ళు పెట్టేవాళ్ళు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురూ నాలుగు వైపులా కూర్చుని, అంచునుంచి మధ్యకు కుట్టు వేసుకుంటూ వచ్చేవాళ్ళు. కుట్టు దగ్గరదగ్గరగా పడితే బొంత గట్టిగా ఉంటుంది, దూరంగా పడితే మెత్తగా ఉంటుంది. ఎవరి చెయ్యి ఎలాంటిదో కుట్టు చూసి మా అమ్మ చెప్పేది. ఆ మధ్యాహ్నాల్లో వాళ్ళు చెప్పుకున్న కష్టసుఖాలు మగవాళ్ళ ముందు ఎప్పుడూ చెప్పుకోలేదు.

బొంత కప్పుకుంటే చలి ఆగేది. పరుచుకుంటే నేల గట్టిదనం తగిలేది కాదు. అది కూడా చిరిగాక చంటిపిల్లల కిందికి వెళ్ళేది. ఆ తరవాత గుమ్మం దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాగా, చివరికి మసిగుడ్డగా పొయ్యి దగ్గరికి చేరేది. మా అమ్మ పెళ్ళిచూపుల నాటి చీర ఏ బొంతలో ఏ మూల ఉందో మాకు తెలుసు. జ్వరం వచ్చినప్పుడు ఆ మూల మొహం మీదికి లాక్కునేవాళ్ళం.

మా మేనత్తను ఓరుగల్లు అవతల ఒక పల్లెకు ఇచ్చారు. అక్కడికి వెళ్ళినప్పుడు పక్క కొత్తగా ఉండేది. దిండును మెత్త అనేవాళ్ళు, దుప్పటిని చెద్దరు అనేవాళ్ళు. చలికాలంలో దూది దట్టించి కుట్టిన రజాయి ఉండేది. నేలమీద పరిచేది జంపఖానా. ఓరుగల్లు కొత్తవాడలో నేసిన ఆ నూలు జంపఖానాల మీద నీలం, ఎరుపు, పసుపు అడ్డచారలు, ముక్కోణాలు కళకళలాడేవి. ఆ నేతకే 2018లో వరంగల్ డర్రీల పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కప్పుకునే చెద్దర్లు సోలాపూరువి. దళసరిగా, రెండువైపులా ఒకే పువ్వుతో, ఎన్ని ఉతుకులు ఉతికినా చెక్కుచెదరకుండా ఉండేవి. తెలంగాణ పల్లెల్లో మగ్గం గడవక వలసపోయిన పద్మశాలీలు ఎందరో ఆ సోలాపూరు మగ్గాల మీద పనిచేశారు. అంటే తెలుగువాళ్ళు నేసిన చెద్దరే బస్సెక్కి మళ్ళీ తెలుగువాళ్ళ ఇంటికి వచ్చేదన్నమాట.

అత్త వాళ్ళ ఊళ్ళో నన్ను కట్టిపడేసింది మాత్రం గొంగడి. దక్కను గొర్రెల నల్లటి ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్ళు. ఆడవాళ్ళు వడికేవాళ్ళు, మగవాళ్ళు గుంటమగ్గం మీద నేసేవాళ్ళు. కురుమల కులవిద్య అది. పడుగుకు చింతగింజల గంజి పట్టించేవాళ్ళు. ఆ గంజితో ఉన్ని బిరుసెక్కి, వానచుక్క పైపైనే జారిపోయేది. మా మామయ్య వానలో తలమీదినుంచి గొంగడి కప్పుకుని చేలోకి పోయేవాడు. ఎండలో గట్టుమీద అదే పరుచుకునేవాడు. రాత్రి మంచెమీద కాపలాకు అదే పక్క, అదే దుప్పటి. మొదట ఒంటికి గుచ్చుకుంటుంది. అలవాటయ్యాక అది లేకపోతే నిద్ర పట్టదు. "గొంగట్ల తినుకుంట ఎంట్రుకలు ఏరితె ఎట్ల బిడ్డా" అని మా అత్త దేనికో ఒకదానికి రోజూ అనేది. ఆ సామెత పుట్టిన ఇంట్లో కూర్చుని ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది.

ప్రయాణానికి పక్క చుట్టుకుని వెళ్ళడం ఇంకో సంగతి. రైలెక్కాలంటే హోల్డాల్ ఉండాల్సిందే. ఖాకీరంగు కాన్వాసు గుడ్డ, రెండు చివరలా జేబులు. పలచని బొంత, దుప్పటి, దిండు మధ్యలో వేసి, చెప్పులు, చెంబు కూడా అందులోనే దూర్చి, చుట్టి, తోలుపట్టీలు బిగించేవాళ్ళు. రెండో తరగతి బోగీల్లో అప్పటికి ఉత్త చెక్కబల్లలే. 1977లో మధు దండవతే రైల్వే మంత్రి అయ్యాక ఆ బల్లలకు రెండంగుళాల స్పాంజి వేయడం మొదలైంది. సామాన్యుడి వీపు గురించి ఒక ప్రభుత్వం ఆలోచించిందని మా నాన్న ఆ రోజుల్లో అందరికీ చెప్పేవారు. హోల్డాల్ అటకెక్కింది కూడా ఆ తరవాతే.

పెళ్ళిళ్ళకు ఊరి పక్కలన్నీ ఒక్కటయ్యేవి. మగపెళ్ళివారి విడిదికి మంచాలు కావాలంటే ఎడ్లబండి ఇంటింటికీ తిరిగేది. ప్రతి ఇంటివాళ్ళూ మంచం పట్టెమీద, పరుపు మూలమీద ఇంటిపేరు అక్షరాలు రాయించుకునేవాళ్ళు. పెళ్ళయ్యాక అక్షరాలు చూసి ఎవరివి వాళ్ళకు చేర్చేవాళ్ళు. మంచం ఇవ్వనన్న ఇల్లు ఉండేది కాదు. ఆ మూడురోజులూ ఇచ్చినవాళ్ళు చాపమీద పడుకునేవాళ్ళు.

ఆ రోజులన్నీ మంచివేనని నేను అనను. మంచం ఎక్కే యోగ్యత మా ఊళ్ళో అందరికీ ఒక్కలా ఉండేది కాదు. ఆసామి వీధిలోంచి వస్తుంటే దళితుల పల్లెలో ఎవరైనా సరే తమ ఇంటిముందు తమ మంచం మీదినుంచి లేచి నిలబడాల్సి వచ్చేది. మా పాలేరు చలికాలమంతా గొడ్లచావిట్లో వరిగడ్డి మీద గోనెపట్టా కప్పుకుని పడుకున్నాడు. పరుపు ఎలా ఉంటుందో ఆయన ఒంటికి తెలియదు. భర్త పోయిన ఆడవాళ్ళకు చాలా ఇళ్ళలో పరుపు నిషేధం. మా నాయనమ్మ మంచం బిగువు గురించి అందరికీ జాగ్రత్తలు చెప్పేది. తాను మాత్రం ముప్పైల్లోనే విధవ అయిన నాటినుంచి చాపమీదే పడుకుంది. వేసవిలో మగవాళ్ళు వాకిట్లో గాలికి పడుకుంటే, కొత్తకోడళ్ళు గాలి ఆడని నడిమింట్లో చెమటతో తెల్లవార్లూ గడిపేవాళ్ళు.

చాకిరీ కూడా తక్కువది కాదు. మంచం సందుల్లో నల్లులు చేరేవి. ఎండలో వేసి, మరిగిన నీళ్ళు కోళ్ళ బెజ్జాల్లో పోసి, కిరసనాయిలు రాసినా నాలుగువారాల్లో మళ్ళీ తయారు. 1953లో మలేరియా నియంత్రణ పథకం మొదలయ్యాక ఊళ్ళోకి వచ్చిన వాళ్ళు గోడలకు డీడీటీ కొట్టేవాళ్ళు. దోమలతోపాటు నల్లులు కూడా కొన్నాళ్ళు తగ్గేవి. వానాకాలంలో ఆరని బొంతల ముక్కవాసన, ఎలకలు కొరికిన పరుపులు, పొద్దునా సాయంత్రం ఈ బరువులన్నీ ఎత్తి దించే ఆడవాళ్ళ నడుములు, ఇవీ ఆ కాలానివే. అందుకే రబ్బరు స్పాంజి పరుపు, కొబ్బరిపీచు పరుపు వచ్చినప్పుడు మా అమ్మ ఎంతో సంతోషించింది. ఏకించక్కర్లేదు, ఎండబెట్టక్కర్లేదు. మొదట్లో ఏ స్పాంజిదైనా ఊళ్ళో 'డన్‌లప్ పరుపు' అనే అనేవాళ్ళు. ఇవాళ కూలికి వెళ్ళే ఇంట్లో కూడా మంచం, పరుపు ఉన్నాయి. ఆ మార్పు మంచిది. దాన్ని తగ్గించి మాట్లాడే హక్కు నాకు లేదు.

పోయిందేమిటంటే, పని తెలిసిన మనిషి. ఇంటికో ఫ్యాను రాగానే వాకిట్లో మంచాలు వాల్చడం ఆగిపోయింది. ప్లాస్టిక్ చాప రాగానే తుంగ కోసేవాళ్ళు తగ్గారు. మాంసం కోసం పెంచే గొర్రెలు పెరిగినకొద్దీ నల్ల ఉన్ని గొర్రె తగ్గింది. దానివెంట గొంగడి మగ్గమూ తగ్గింది. దూదేకే విల్లు స్థానంలో యంత్రం వచ్చింది. ఆ యంత్రాన్ని ఆటోలో పెట్టుకుని వీధుల్లో తిరిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. సాయిబు పీల్చినంత దుమ్ము ఆయన మనవడు పీల్చకపోతే నాకు ఆనందమే. కానీ దబ్బనంతో గట్టు కుట్టే ఒడుపు, మంచం చరిచి బిగువు చెప్పే చెవి, చింతగింజల గంజి పాకం, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఆ పనులు చేసినవాళ్ళలో ఎక్కువమంది చదువుకోనివాళ్ళు. వాళ్ళ విద్య వాళ్ళ చేతుల్లోనే ఉంది. మనం దాన్ని విద్యగా లెక్కపెట్టలేదు, తగిన కూలీ కూడా ఇవ్వలేదు. అందుకే వాళ్ళ పిల్లలు దాన్ని వదిలేశారు. వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఇప్పటికీ కొన్ని నిలబెట్టుకోవచ్చు. ఓరుగల్లు జంపఖానా ఇంకా నేస్తున్నారు. గొంగడి నేసే చేతులు తెలంగాణలో కొన్ని మిగిలే ఉన్నాయి. కొనేవాళ్ళుంటే ఆ మగ్గం ఆడుతుంది. బేరమాడకుండా కొనడమే దానికి మనం చేయగలిగిన మేలు. అటకమీద విరిగిన నవారు మంచం ఉన్నవాళ్ళు దాన్ని అమ్మేసేముందు, ఊళ్ళో అల్లిక తెలిసిన పెద్దాయన్ని పిలిపించి, కూలీ ఇచ్చి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి ఒక్కసారి అల్లించండి. పాత నూలుచీరలు ఉన్న ఇంట్లో బొంత కుట్టడానికి ఇంకో వస్తువేమీ అక్కర్లేదు. సూది, దారం, నలుగురు మనుషులు చాలు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న కుట్టు నేను నా మనవరాలికి చూపించాను. దాని కుట్టు ఇంకా దూరందూరంగా పడుతోంది. ఈ సంక్రాంతి వెళ్ళాక ఇంకో బొంత మొదలుపెడతాం. వీధిలో వచ్చి కూర్చునేవాళ్ళుంటే రమ్మని చెప్పాను.